నీటిమీద నిలిచిన ఇల్లు

ఒక చిన్న తెరచాప పడవలో, తోడెవ్వరూ లేకుండా, భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి మానవుడుగా జాషువా స్లోకమ్ లోకానికి పరిచితుడు. 1895లో బోస్టన్ రేవు విడిచి, మూడు సంవత్సరాలకు పైగా సముద్రాలపై గడిపి, 46,000 మైళ్ల యాత్ర ముగించుకొని 1898లో అతడు తిరిగి అమెరికా తీరం చేరాడు. ఆ యాత్రను గురించి అతడు వ్రాసిన గ్రంథాన్ని నేటికీ జనం చదువుతూనే ఉన్నారు. ఏకాంతయాత్ర అనగానే నావికలోకానికి మొదట స్ఫురించేది అతని పేరే. కాని అతని జీవితాన్ని మొదటినుండి పరిశీలించినవారికి వేరొక సత్యం గోచరిస్తుంది. స్లోకమ్ పుట్టుకతో ఏకాకి కాడు. నలుబదియేండ్ల వయస్సు వరకు అతనికి ఓడయే ఇల్లు. ఆ ఇంట ఇల్లాలున్నది, బిడ్డలున్నారు, పుస్తకాలున్నాయి, సంగీతమున్నది. ఆ ఇల్లు ఒకనాడు కూలిపోయింది. కూలినదానిని 35 అడుగుల పడవగా మళ్లీ నిలబెట్టాలని అతడు చేసిన ప్రయత్నమే అతని చరిత్రలో మనసును తాకే ఘట్టం. లోకం మెచ్చిన ఏకాంతయాత్ర దాని తరువాతి మాట.

జాషువా 1844 ఫిబ్రవరి 20వ తేదీన కెనడా తూర్పుతీరాన ఉన్న నోవాస్కోషియాలో, ఫండీ అఖాతానికి సమీపంలోని మౌంట్ హాన్లీ అనే పల్లెలో జన్మించాడు. పదకొండుగురు సంతానంలో అతడు అయిదవవాడు. తల్లి తండ్రి దీపస్తంభానికి కావలిదారు. తండ్రి మొదట వ్యవసాయం చేసేవాడు. అది కలిసిరాక బ్రయర్ ద్వీపంలోని వెస్ట్‌పోర్ట్‌కు కాపురం మార్చి, బెస్తవారికి తోలుబూట్లు కుట్టే వృత్తి చేపట్టాడు. పిల్లవానికి పదేండ్లయినా నిండకముందే బడి మాన్పించి ఆ పనిలో పెట్టాడు. ఫండీ అఖాతం ఆటుపోట్ల తీవ్రతలో ప్రపంచప్రసిద్ధమైనది. రోజూ కళ్లముందు అంత నీరు పొంగి అంత నీరు తీస్తూ ఉంటే, తోలువాసన కొట్టే గదిలో మేకులు దిగగొట్టుతూ కూర్చొనడం ఆ బాలునికి చెరసాలవలె తోచింది. పండ్రెండేండ్ల ప్రాయంలో అతడు చాటుగా ఒక చిన్న ఓడబొమ్మను చెక్కుకొన్నాడు. అది తండ్రి కంటబడింది. పని మాని బొమ్మలు చెక్కుతున్నాడన్న ఆగ్రహంతో ఆయన దానిని నేలకు కొట్టి ముక్కలు చేశాడు. పదునాలుగవ యేట జాషువా ఇల్లు విడిచి ఒక చేపలపడవలో వంటకుర్రవాడుగా చేరాడు. నిలువలేక తిరిగి వచ్చాడు. 1860లో తల్లి మరణించింది. దానితో ఆ ఇంటికి అతనిని కట్టి ఉంచిన దారం తెగిపోయింది. పదియారేండ్ల వయస్సులో సముద్రానికి వెళ్లినవాడు మరల ఆ గృహానికి కాపురానికి రాలేదు.

చదువు లేని కళాసీగా ఓడ ఎక్కినవాడు, స్వయంకృషితో నౌకాగణితం నేర్చుకొని, పదునెనిమిదేండ్లకే అధికారి హోదా సంపాదించాడు. ముప్పదియేండ్లు నిండకముందే ఓడకు కెప్టెన్ అయినాడు. ఇంతలో అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. వాషింగ్టన్ అనే ఓడను నడుపుకొంటూ ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరినప్పుడు అతనికి వర్జీనియా వాకర్ అనే యువతితో పరిచయం కలిగింది. ఆమె కుటుంబం బంగారుగనుల కాలంలో అమెరికానుండి ఆస్ట్రేలియాకు వలస వచ్చినది. 1871 జనవరి 31వ తేదీన వారి వివాహం జరిగింది. పెళ్లికూతురు పుట్టింటినుండి నేరుగా ఓడమీదికే కాపురానికి వచ్చింది. ఆ దంపతుల తొలిప్రయాణం అలాస్కాలో సాల్మన్ చేపల వేటకు. అక్కడ గాలివాన వచ్చి, లంగరు ఆగక, ఓడ ఒడ్డుకు కొట్టుకొని పోయింది. ఓడ దక్కలేదు, కాని మనుషులను, పట్టిన చేపలను జాషువా చిన్న పడవలలో క్షేమంగా గట్టు చేర్చాడు. అత్తవారిల్లు అడుగుపెట్టిన సంవత్సరమే మునిగిపోతే ఏ కోడలైనా బెదరిపోతుంది. వర్జీనియా బెదరలేదు. భర్తకు మరొక ఓడ దొరకగానే దానిని తన ఇల్లుగా దిద్దుకొన్నది.

పదమూడు సంవత్సరాలు వారి సంసారం నీళ్లమీదనే సాగింది. ఏడుగురు బిడ్డలు కలిగారు; వారిలో విక్టర్, బెంజమిన్, జెస్సీ, గార్ఫీల్డ్ అనే నలుగురు దక్కారు. పెద్దకుమారుడు విక్టర్ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో, కుమార్తె జెస్సీ ఫిలిప్పీన్ దీవులలో, చిన్నవాడు గార్ఫీల్డ్ హాంకాంగ్ రేవులో జన్మించారు. తల్లి వారికి ప్రతిదినం ఉదయం పాఠాలు చెప్పేది. ఆదివారం మతబోధ చేసేది. బట్టలు కుట్టడం, జబ్బు చేస్తే మందివ్వడం ఆమె పనులే. తుపాకి గురి ఆమెకు బాగా తెలుసు. ఓడ వెంట వచ్చే సొరచేపలను పైనుండి కాల్చేది. కళాసీలు తిరగబడ్డ ఒక సందర్భంలో చేత పిస్తోలు పట్టుకొని భర్త వెనుక నిలిచింది కూడా.

ఈ కాలంలో వారు చూడని కష్టం లేదు. ఫిలిప్పీన్ దీవులలోని సూబిక్ అఖాతం వద్ద జాషువా ఒక వర్తకునికి స్టీమరు నిర్మించి ఇచ్చాడు. అనుకొన్న ధనానికి బదులు అతనికి దక్కినది పైకప్పు గది కూడా లేని పాటో అనే చిన్న ఓడ. స్పానిష్ భాషలో పాటో అంటే బాతు. చేతికి వచ్చినదానితోనే అతడు తృప్తిపడ్డాడు. కావలసిన గదులు తానే అమర్చుకొని, భార్యాబిడ్డలను ఎక్కించుకొని 1877లో ఉత్తర పసిఫిక్ సముద్రానికి కాడ్ చేపల వేటకు బయలుదేరాడు. వర్జీనియా సయితం గాలం వేసి చేపలు పట్టింది. ఆ యాత్రలో పుట్టిన కవలపిల్లలు బ్రతుకలేదు. ఆ చల్లని నీళ్లలో ఆ తల్లి పడిన వేదనను తూచడానికి మనకు తూనికలు లేవు. వేట మాత్రం ఫలించింది. పాటో వారికి లాభమే తెచ్చిపెట్టింది.

1881లో జాషువా నార్తర్న్ లైట్ అనే గొప్ప ఓడలో భాగస్వామియై దానికి కెప్టెన్ అయినాడు. అతని జీవితంలో అదే ఐశ్వర్యశిఖరం. కెప్టెన్ నివాసంలో పియానో ఉండేది. వందలకొలది పుస్తకాల గ్రంథాలయం ఉండేది. 1882లో ఆ ఓడ న్యూయార్కు రేవున నిలిచినప్పుడు జాషువా తన తండ్రిని దానిమీదికి ఆహ్వానించాడు. ఒకనాడు కొడుకు చెక్కిన ఓడబొమ్మను విరుగగొట్టిన వృద్ధుడు, ఆ కొడుకు ఏలుతున్న మహానౌకపై నడిచాడు. కాని ఆ వైభవం నిలువలేదు. తిరుగుబాట్లు, మరమ్మత్తులు, వ్యాజ్యాలు చుట్టుముట్టగా జాషువా ఆ ఓడను వదులుకొని, ఆక్విడ్‌నెక్ అనే చిన్న ఓడను కొన్నాడు. అప్పటికే సముద్రవాణిజ్యం ఆవిరియంత్రాల వశమౌతున్నది. తెరచాపను నమ్ముకొన్నవారికి రోజులు చెల్లుతున్నాయి.

ఆక్విడ్‌నెక్ దక్షిణ అమెరికాలో బ్యూనస్ ఎయిర్స్ రేవు సమీపంలో ఉండగా వర్జీనియా జబ్బుపడింది. జాషువా సరకు బేరానికి ఒడ్డుకు వెళ్లినాడు. భార్యాభర్తలకు ముందుగా ఒక ఏర్పాటుంది. అవసరమైతే ఓడపై నీలం తెలుపు రంగుల జెండా ఎగురవేయాలి. ఆ జెండా ఎగిరింది. అతడు పడవ వేసుకొని వచ్చాడు. ఆ రాత్రే, 1884 జూలై 25న, ఆమె కన్నుమూసింది. వయస్సు ముప్పదినాలుగు సంవత్సరాలు. బ్యూనస్ ఎయిర్స్‌లోని ఆంగ్లేయుల శ్మశానంలో ఆమెను సమాధి చేశారు. కొన్ని దినాలకే జాషువా ఆక్విడ్‌నెక్‌ను ఇసుకతిప్పపైకి ఎక్కించాడు. అంతటి నేర్పరి చేతిలో అటువంటి పొరపాటు అదివరకు జరుగలేదు. చుక్కాని ఓడకుండేదే కాదు, మనిషికీ ఉంటుంది. అతని చుక్కాని ఆనాడు విరిగింది. బిడ్డలను మసాచుసెట్స్‌లోని తన అక్కచెల్లెండ్ర వద్ద ఉంచి, పెద్దకుమారునితో అతడు మరల సముద్రానికి వెళ్లాడు.

1886 ఫిబ్రవరిలో జాషువా తన బంధువుల అమ్మాయి హెన్రియెట్టాను వివాహమాడాడు. ఇంట అందరూ ఆమెను హెటీ అనేవారు. అతనికి నలుబదిరెండు, ఆమెకు ఇరువదినాలుగు. ఆమె బట్టలు కుట్టి జీవించే నిరాడంబర యువతి. సముద్రంతో ఆమెకు పొత్తు లేదు. పెండ్లయిన వారానికే ఆక్విడ్‌నెక్‌లో దక్షిణ అమెరికాకు ప్రయాణం. విక్టర్ అధికారిగా, అయిదేండ్ల గార్ఫీల్డ్ ఇంటి పిల్లవాడుగా వెంట ఉన్నారు. న్యూయార్కు వదిలిన కొద్దిరోజులకే పెనుగాలి వారిని ఊపివేసింది. అది ఆమె చూడబోయేవాటికి ముందుమాట మాత్రమే. కలరా వ్యాపించిన దేశంనుండి వచ్చిందన్న కారణంచేత బ్రెజిల్ అధికారులు వారి ఓడను రేవులోనికి రానీయలేదు. మోసుకొచ్చిన ఎండుగడ్డిని అప్పుడు దింపడం వీలుకాలేదు. 1887 జూలైలో అంటోనీనా రేవులో ఒక రాత్రి కొందరు కళాసీలు కెప్టెన్‌పై దాడి చేశారు. అలికిడి మొదట విన్నది హెటీయే. జాషువా తుపాకి పేల్చగా ఒకడు చనిపోయాడు, ఒకడు గాయపడ్డాడు. విచారణ జరిగి, అతడు నిర్దోషిగా విడుదల పొందాడు. తరువాత మశూచికం వచ్చి నావికులను పొట్టనబెట్టుకొన్నది. చివరకు ఆ సంవత్సరం డిసెంబరులో, కలప నింపుకొని పరానగ్వా అఖాతం విడిచి వెళ్లబోతుండగా, ప్రవాహం ఓడను ఇసుకతిప్పపైకి నెట్టింది. అలలు దాని వెన్ను విరిచాయి. ఓడకు భీమా లేదు. జాషువా సర్వస్వం ఆ ఇసుకలో కూరుకొనిపోయింది.

శిథిలాన్ని అమ్మగా వచ్చిన సొమ్ముతో అతడు ముందు కళాసీల జీతాలు తీర్చి, వారిని ఇండ్లకు పంపాడు. తనకు మిగిలినది పరాయిదేశపు తీరం, భార్య, ఇద్దరు కుమారులు, ఓడనుండి తీసిన కొన్ని పనిముట్లు, దిక్సూచి, సముద్రపటాలు. ఇతరుల దయతో మరొకరి ఓడలో దిక్కులేనివాడుగా స్వదేశం చేరడం అతని ఆత్మగౌరవానికి సరిపడలేదు. పడవ కట్టి, తన కుటుంబాన్ని తానే తీసుకొనిపోవాలని నిశ్చయించాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలన్నారు. జాషువా రెండవ పెళ్లి చేసుకొని, రెండవ ఇల్లు కట్టడానికి పూనుకొన్నాడు. ఆ ఇంటికి పునాది లేదు. విరిగిన ఓడనుండి పీకిన సామగ్రి కొంత, అడవిలో కొట్టిన చేవగల మ్రాకులు కొన్ని అతని కలప. పాతమేకులను ఏరి తిన్నగా సాగగొట్టారు. మేకులు బిగించడానికి బిళ్లలు కావలసివస్తే రాగినాణేలకు రంధ్రాలు పొడిచి వాడారు. పదియారేండ్ల విక్టర్ తండ్రికి కుడిచేయిగా వడ్రంగం చేశాడు, త్రాళ్లు పేనాడు. ఏడేండ్ల గార్ఫీల్డ్ అందవలసినవి అందించాడు. తెరచాపలు కుట్టే పని హెటీది. నాజూకైన దుస్తులకు అలవాటుపడిన ఆమె సూది ఇప్పుడు మొద్దు కిత్తానగుడ్డలో దిగవలసి వచ్చింది. ఈ విధంగా నలుగురూ తలా ఒక చేయి వేయగా సిద్ధమైనది 35 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల పడవ. మధ్యతరగతివారి పెరటిలో పట్టే వస్తువు. ఖర్చు నూరు డాలర్లకు లోపే.

పడవ రూపకల్పనలో జాషువా లోకానుభవమంతా కనబడుతుంది. అడుగు అమెరికాలోని కేప్ ఆన్ బెస్తవారి డోరీ పద్ధతిలో, కొంత జపాను సాంపాన్ పోలికలో ఉన్నది. తెరచాపలు చైనా జంకు ఓడల రీతివి. వెదురుబద్దలు అడ్డంగా కట్టినవి. గాలి హెచ్చినప్పుడు వాటిని తడికవలె మడిచి తగ్గించడం సులభం. చేతులు తక్కువగా ఉన్న కుటుంబానికి అంతకంటే అనుకూలమైనది లేదు. పడవ బోల్తాపడినా మునిగిపోకుండా ప్రక్కల పొడుగునా లావైన వెదుళ్లు కట్టారు. 1888 మే 13వ తేదీన దానిని నీటిలోనికి దించారు. సరిగా ఆ దినమే బ్రెజిల్‌లో బానిసత్వాన్ని రద్దుచేసే శాసనంపై రాకుమారి ఇసబెల్ సంతకం చేసింది. జాషువా తన పడవకు లిబర్దాద్ అని పేరు పెట్టాడు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం.

ఇంత చిన్న పడవకు విదేశయాత్రకు అనుమతి దొరకడం కష్టమయింది. చివరకు రేవు అధికారులనుండి చేపలవేటకు లైసెన్సు మాత్రం లభించింది. రేవు లోపలా వెలుపలా కూడా చేపలు పట్టవచ్చునని అందులో ఉన్నది. వెలుపల అంటే ఎంతదూరమో అందులో లేదు. జాషువాకు అది చాలింది. రొట్టెబిళ్లలు, పిండి, ఎండుమాంసం, ఉప్పుచేప, తేనె, నారింజలు, అరటిగెలలు, పీపాలలో మంచినీరు నింపుకొని 1888 జూన్ 24వ తేదీన ఆ కుటుంబం పరానగ్వానుండి బయలుదేరింది.

అంతవరకు లిబర్దాద్ తిరిగినది అఖాతపు ప్రశాంతజలాలలోనే. ఇప్పుడు ఇసుకతిప్ప దాటి బయటి సముద్రంలో అడుగుపెట్టాలి. ఆరునెలల క్రిందట తమ ఓడను మ్రింగినది ఆ అఖాతపు ఇసుకయే. అంత పెద్ద ఓడ నిలువలేని చోట ఈ చేతిపడవ నిలుచునా అన్న ప్రశ్న ఆ నలుగురిలో ఎవ్వరి మనసులోనూ మెదలకుండా ఉండదు. చుక్కాని పట్టినవాడు తండ్రి. త్రాళ్లు చూసేవాడు అన్న. చిన్నగూటిలో తల్లి, తమ్ముడు. పడవ తిప్పపై విరిగే నురుగును చీల్చుకొని బయటపడింది. బరువు లేని పడవ కనుక అలను ఎదిరించక, అల లేచినప్పుడు లేచి, దిగినప్పుడు దిగింది. పెద్ద ఓడను విరిచినదే చిన్నపడవను ఎత్తిపట్టుకొన్నది. తన పడవ నమ్మదగినదని ఆనాడు జాషువా గ్రహించాడు. ఆ ఆనందం ఎంతోసేపు నిలువలేదు. దక్షిణపుగాలి విజృంభించి, హెటీ నెలలతరబడి కుట్టిన తెరచాపలను పేలికలు చేసింది. పడవకు మాత్రం చీలిక పడలేదు. చిరిగిన చాపలతోనే వారు సాంటోస్ రేవులో ప్రవేశించారు.

సాంటోస్ వద్ద ఫైనాన్స్ అనే స్టీమరు కెప్టెన్ దయదలచి, రియో డి జనీరో వరకు లిబర్దాద్‌ను త్రాడుకట్టి లాగుకొని పోవడానికి ఒప్పుకొన్నాడు. హెటీ, గార్ఫీల్డ్ స్టీమరులోనికి ఎక్కారు. తండ్రి పడవ వెనుక చుక్కాని పట్టాడు. ముందుభాగాన విక్టర్ గొడ్డలితో నిలుచున్నాడు. పడవ తలక్రిందులయ్యే ప్రమాదం ఏర్పడిన క్షణంలో త్రాటిని నరికివేయడం అతని విధి. స్టీమరు పరుగుకు నీరు రెండుప్రక్కలా గోడలై లేచింది. పదియారేండ్ల కుర్రవాడు గొడ్డలి ఎత్తవలసిన అవసరం లేకుండానే రాత్రి గడచింది. స్టీమరుమీద సురక్షితంగా ఉన్న ఆ యువతి తన భర్తను, సవతికొడుకును వెనుక నురుగులో వెదుకుతూ గడపిన గంటలు, పడవలో ఉన్నవారి గంటలకన్న తేలికైనవని చెప్పలేము.

రియోలో క్రొత్త తెరచాపలు సమకూర్చుకొని వారు ఉత్తరాభిముఖంగా సాగారు. దారిలో ఒక తిమింగిలం పడవ అడుగున రాచుకొని లేచింది. వెదుళ్లు, చేవకలప తట్టుకొన్నాయి. బహియా, పెర్నాంబుకో రేవులు దాటి, భూమధ్యరేఖను దాటి, బార్బడోస్ దీవి చేరారు. అక్కడినుండి ప్యూర్టోరికో మీదుగా 1888 అక్టోబరు 28వ తేదీన దక్షిణ కెరొలినా రాష్ట్రపు కేప్ రోమన్ వద్ద అమెరికా గడ్డను తాకారు. దూరం 5,500 మైళ్లు. సముద్రంపై గడచినవి 53 దినాలు. ఆపైన తీరపు నదులు, కాలువల వెంట మెల్లగా సాగి డిసెంబరు 27న రాజధాని వాషింగ్టన్ నగరం చేరారు. ఆ నలుగురిలో ఒక్కరికైనా హాని జరుగలేదు. నావికవిద్యలో స్లోకమ్ సాధించిన విజయాలలో దీనిని ఏకాంతయాత్రకు తీసికట్టుగా లెక్కించరాదు. తన ప్రాణాన్ని ఒడ్డడం ఒక సాహసం. తనవారి ప్రాణాలను ఒడ్డి, వాటిని నిలబెట్టుకొని రావడం మరొకటి.

కాని ఆ విజయానికి ఒక మూల్యం ఉన్నది. హెటీ ఒడ్డున అడుగుపెట్టిన తరువాత మరల సముద్రయాత్రకు సమ్మతించలేదు. ఆమెను తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. పెనుగాలి, కలరా భయం, హత్య, మశూచికం, ఓడ నాశనం, చిరిగిన తెరచాపలు, ఇవన్నీ ఆమె కాపురంలోని మొదటి మూడేండ్ల అనుభవాలు. భర్త అడిగినదంతా ఆమె ఇచ్చింది. లిబర్దాద్ తెరచాపలోని ప్రతికుట్టూ దానికి సాక్ష్యం. అంతకుమించి ఇవ్వడానికి ఆమె వర్జీనియా కాదు. వర్జీనియాకు సముద్రం పుట్టినిల్లువంటిది; హెటీకి అది భర్తతోపాటు వచ్చిన కష్టం. జాషువా నీటిమీద మళ్లీ నిలబెట్టిన ఇల్లు నేలను తాకగానే విడిపోయింది. హెటీ బంధువుల పంచన చేరింది. అతడు లిబర్దాద్ యాత్రాచరిత్రను స్వయంగా 1890లో అచ్చువేయించాడు. దానివల్ల పేరు రాలేదు, డబ్బూ రాలేదు.

ఆవిరియుగంలో తెరచాప కెప్టెన్‌కు ఉద్యోగమిచ్చేవారు లేరు. 1892లో ఎబెన్ పియర్స్ అనే వృద్ధ కెప్టెన్ అతనికి ఒక ఓడ ఇస్తానన్నాడు. దానికి కొంత మరమ్మత్తు కావాలన్నాడు. జాషువా ఫెయిర్‌హేవెన్ గ్రామానికి వెళ్లి చూడగా, ఆ ఓడ సముద్రానికి దూరంగా ఒక బీడులో కర్రల ఊతపై కప్పబడి ఉన్నది. ఒకప్పుడు ఆల్చిప్పలు పట్టడానికి వాడిన పాతపడవ, పేరు స్ప్రే. ఊరివారు దానిని విరిచివేయడానికి వచ్చాడనుకొన్నారు. అతడు దగ్గరి ఓకుచెట్టును పడగొట్టి క్రొత్త వెన్నుదూలం వేశాడు. ప్రతిపక్కటెముకనూ, ప్రతిపలకనూ మార్చాడు. పదమూడు నెలల శ్రమకు అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పాతపడవలో పేరు తప్ప ఏమీ మిగలలేదు. అయినా ఆ పేరును అతడు మార్చలేదు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. లిబర్దాద్‌కన్న రెండడుగులు మాత్రమే ఎక్కువ. అందులో నలుగురు ప్రయాణం చేశారు. ఇందులో ఒక్కడే ప్రయాణం చేయవలసి వచ్చింది.

1895 ఏప్రిల్ 24న బోస్టన్‌నుండి బయలుదేరి, అతడు మొదట తన చిన్ననాటి వెస్ట్‌పోర్ట్‌కు వెళ్లి పడవను సరిచూసుకొన్నాడు. అద్దం పగిలిందని ధర తగ్గించి ఒక డాలరుకు ఇచ్చిన తగరపు గడియారం అతని కాలమానయంత్రం. అట్లాంటిక్ మధ్యను పొగమంచు క్రమ్మినప్పుడు ఒంటరితనం అతనిని నలిపివేసింది. లేని కళాసీలకు ఆజ్ఞలు ఇస్తూ, పాటలు పాడుతూ గొంతును బ్రతికించుకొన్నాడు. మెగెల్లాన్ జలసంధిలో రాత్రివేళ దొంగలు ఎక్కకుండా పడవపై మేకులు చల్లి పడుకొన్నాడు. సమోవాలో రచయిత స్టీవెన్‌సన్ భార్య అతనిని ఆదరించి, భర్త వాడిన సముద్రమార్గదర్శక గ్రంథాలను బహూకరించింది. ఆస్ట్రేలియా, కీలింగ్ దీవులు, మారిషస్, దక్షిణాఫ్రికా, సెంట్ హెలీనా మీదుగా 1898 జూన్ 27న అతడు న్యూపోర్టు చేరాడు. తరువాత పడవను ఫెయిర్‌హేవెన్‌కు నడిపి, తొలుత నీటిలో దించిననాడు ఏ దేవదారు గుంజకు కట్టాడో ఆ గుంజకే తిరిగి కట్టాడు.

ఆ యాత్రలో అతడు బ్యూనస్ ఎయిర్స్‌లో దిగాడు. అది వర్జీనియా సమాధి ఉన్న నగరం. సిడ్నీలో చాలాకాలం నిలిచాడు. అది ఆమెను పెండ్లాడిన నగరం. 1900లో వెలువడిన అతని ప్రసిద్ధగ్రంథం ఛలోక్తులతో, మందహాసంతో నిండి ఉంటుంది. బ్యూనస్ ఎయిర్స్‌ను గురించి వ్రాసినచోట అక్కడ తాను పాతిపెట్టుకొన్నది ఏమిటో అతడు పాఠకునికి చెప్పడు. కొన్ని దుఃఖాలు సిరాకు లొంగవు. ఆ గ్రంథంలోని ఏకాంతాన్ని ఆ మౌనంతో కలిపి చదివితే గాని అది పూర్తిగా అర్థం కాదు.

గ్రంథం ఇచ్చిన ధనంతో 1902లో అతడు మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపంలో ఒక పొలం కొన్నాడు. హెటీ అక్కడ నివసించింది. అతడు నేలకు అలవాటుపడలేకపోయాడు. శీతకాలం రాగానే స్ప్రేలో వెస్టిండీస్‌కు వెళ్లేవాడు. 1906లో ఒక బాలిక విషయమై వచ్చిన నేరారోపణను ఎదుర్కొని కొన్నివారాలు కారాగారంలో గడిపాడు. ఆ మచ్చను చరిత్ర దాచలేదు. అరువదియైదేండ్ల ప్రాంతంలో ఒక నవంబరుమాసాన దక్షిణ అమెరికా మహానదుల అన్వేషణకని ఒంటరిగా స్ప్రేలో బయలుదేరాడు. ఆపైన మనిషిగాని పడవగాని మరల కనబడలేదు. 1924లో న్యాయస్థానం అతనిని మృతుడుగా ప్రకటించింది. నాడు గొడ్డలి పట్టి లిబర్దాద్ ముందు నిలిచిన విక్టర్ వ్రాసిన తండ్రి చరిత్ర 1950లో వెలువడింది.

స్లోకమ్‌ను లోకం ఒంటరివీరుడుగా స్మరిస్తుంది. అది తప్పు కాదు, చాలదు. అతడు కోరినది ఒంటరితనం కాదు; కదిలే ఇల్లు. తన ఇంటివారందరూ ఒక్క తెరచాప నీడన ఉండాలన్నది అతని ఆశ. మొదటి ఇల్లాలు ఆ ఆశను తన ఆశగా చేసుకొన్నది, మరణించింది. రెండవ ఇల్లాలు దానిని భరించింది, అలసిపోయింది. బిడ్డలు రెక్కలు వచ్చి ఎగిరిపోయారు. మిగిలిన పడవలో మిగిలినవాడు ఒక్కడు. ఆ ఒక్కడు ఎక్కిన శిఖరాన్ని కొలిచేటప్పుడు, దానికి మెట్లు కట్టినవారిని మరువడం ధర్మం కాదు. పరానగ్వా ఇసుకతిప్పపై ఒక జూన్‌మాసపు దినాన, చుక్కానివద్ద ఒకడు, త్రాళ్లవద్ద ఒకడు, గూటిలో ఒక తల్లి, ఒక పసివాడు నురుగును దాటారు. స్వేచ్ఛ అని పేరు పెట్టుకొన్న ఆ పడవను నడిపినది గాలి ఒక్కటే కాదు. ఆ నలుగురూ ఒకరిపై ఒకరు ఉంచిన విశ్వాసం.